చిన్న విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది: అక్కడి రోజులు నిజంగా ఎలా ఉంటాయి?

కొత్త_అడుగు (శనివారం, రాత్రి 9:14)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ వేదికలో చదవడమే కానీ రాయడం ఇదే మొదలు.

నాకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ముప్ఫై వేల మంది చదివే పెద్ద విశ్వవిద్యాలయం. రెండోది అన్ని సంవత్సరాలూ కలిపినా తొమ్మిది వందల మంది దాటని చిన్నది. కోర్సు ఒకటే, ఖర్చులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. చిన్నదాన్ని మొన్న చూసి వచ్చాం. గేటు నుంచి చివరి భవనం దాకా నడిస్తే ఎనిమిది నిమిషాలు పట్టింది. మేము వెళ్లింది సెలవు రోజు. గ్రంథాలయం మెట్ల మీద ఒక కుక్క నిద్రపోతోంది. అది తప్ప పలకరించే ప్రాణి లేదు. నాన్నకు ఆ ప్రశాంతత తెగ నచ్చేసింది. నాకు మాత్రం గుబులు పుట్టింది. నాలుగేళ్లు ఇక్కడేనా?

ర్యాంకులు, ఉద్యోగాల లెక్కలు నేను వెతుక్కోగలను. చిన్న చోట చదివిన వాళ్లు ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో చెప్పండి చాలు. నేను త్వరగా కలిసిపోయే మనిషిని కాదు, అది కూడా గుర్తుంచుకుని చెప్పండి.

మూడో_అంతస్తు (శనివారం, రాత్రి 10:02)

మా దగ్గర ఏడు వందల మందిమి ఉండేవాళ్లం. నేనూ మాటకారిని కాదు.

మామూలు రోజు అడిగారు కాబట్టి ఒక్క సంగతి చెబుతాను. సాయంత్రాలు గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేదాన్ని. పుస్తకాలు సర్దే పెద్దాయన ఒకరు ఉండేవారు. రెండేళ్లలో మా మధ్య నడిచినవి పట్టుమని పది మాటలు కూడా కావు. ఒకసారి ఒంట్లో బాగాలేక నాలుగు రోజులు గది దాటలేదు. ఐదో రోజు వెళ్లేసరికి నేను సగంలో వదిలేసిన పుస్తకం అదే బల్ల మీద, తెరిచిన పేజీ దగ్గరే బోర్లించి ఉంది. మీద ఎర్ర సిరాతో రాసిన చీటీ: ‘తీయకండి. ఆ అమ్మాయి వస్తుంది.’

ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

వారాంతాలు మాత్రం కష్టమే, దాచను. ఇళ్లు దగ్గరున్న వాళ్లు శుక్రవారం సాయంత్రానికే సంచులు భుజాన వేసుకుని వెళ్లిపోతారు. శనివారం మధ్యాహ్నానికి హాస్టల్ వరండాలో ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కదలదు. మొదటి సెమిస్టర్‌లో ఆ రెండు రోజులూ నాకు భయంకరంగా ఉండేవి. తర్వాత గమనించాను, ఇంటికి వెళ్లని వాళ్లం మొత్తం ఇరవై మందిమి. ఆ ఇరవై మందిలోనే నా స్నేహితులందరూ దొరికారు. ఒకే ఈడు వాళ్లం కాదు, ఒకే విభాగం కాదు. వెళ్లడానికి చోటు లేకపోవడం ఒక్కటే మమ్మల్ని కలిపింది.

నిజం_చేదు (శనివారం, రాత్రి 11:37)

చీటీ కథ బాగుంది. నాదీ ఒక కాగితం కథే, వినండి.

సెమిస్టర్ చివర బోధన మీద అభిప్రాయ పత్రం ఇస్తారు. ‘పేరు రాయనక్కరలేదు’ అని పైన పెద్ద అక్షరాలు. ఆ తరగతిలో మేము పదకొండు మందిమి. పెన్నుతో నింపాలి. ‘బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు, వెనక వరుసకు వినిపించదు’ అని రాశాను. తర్వాతి సెమిస్టర్‌లోనూ ఆయనే వచ్చారు. మొదటి రోజు బోర్డు మీద సగం సమీకరణం రాసి, ఆగి, సరిగ్గా నా వైపు తిరిగి ‘ఇప్పుడు వినిపిస్తోందా?’ అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పత్రంలో మళ్లీ ఎప్పుడూ నిజం రాయలేదు.

మరొకటి. రెండో ఏడాదిలో నా గదిలో ఉండే స్నేహితుడితో మాటలు ఆగిపోయాయి. పెద్ద చోట అయితే దారి మార్చుకుని తిరుగుతాం. మాకున్నది ఒకే మెస్, ఒకే గ్రంథాలయం, వాటి మధ్య ఒకే దారి. రోజుకు మూడు పూటలా పళ్లెం పట్టుకుని, అతను ఎక్కడున్నాడో చూసి, అతనికి కనిపించని మూల వెతుక్కునేవాడిని. మూడో రోజుకే అందరికీ తెలిసిపోయింది. వారం తిరిగేసరికి ఎవరు ఎవరి పక్షమో కూడా తేలిపోయింది, మా ఇద్దరికీ తెలియకుండానే.

చిన్న చోట మిమ్మల్ని ఎవరూ మర్చిపోరు. మూడో_అంతస్తు గారికి అది వరం. నేను మొదటి వారం పరిచయ కార్యక్రమంలో తడబడ్డాను. ఆ రోజు పెట్టిన పేరు నాలుగో ఏడాది వీడ్కోలు సభ దాకా వెంట వచ్చింది.

పాఠాల_పంతులు (ఆదివారం, ఉదయం 6:20)

పద్దెనిమిదేళ్లుగా ఒక చిన్న విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నాను. నిజం_చేదు గారి అధ్యాపకుడిని నేను కాదు, కానీ అయ్యి ఉండవచ్చు. పదకొండు చేతిరాతల్లో నాకు తొమ్మిది గుర్తుపట్టడం వచ్చు. గుర్తుపట్టనట్టు ఉండటం నేర్చుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. ఆయన అన్న ఆ ఒక్క మాట సరదాకే అని ఉంటారు. దాని ఖరీదు ఎంతో ఆయనకు తెలిసి ఉండదు. ఇప్పుడు మా దగ్గర పదిహేను మందికి లోపు తరగతి అయితే పత్రాలు నేరుగా అధ్యాపకుడికి ఇవ్వరు. రెండు మూడు తరగతులవి కలిపి, టైపు చేసి ఇస్తారు. ఈ పద్ధతి ఉందో లేదో చేరేముందు అడగదగ్గ ప్రశ్నే.

కొత్త_అడుగు గారూ, మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను. చిన్న చోట అసలు చిక్కు ఒంటరితనం కాదు, పాఠ్యాంశాలు. మా విభాగం కరదీపికలో 26 ఐచ్ఛికాలు ఉన్నాయి. కిందటి సెమిస్టర్‌లో నడిచినవి 5. మిగతావి చెప్పే మనిషి ఉంటే నడుస్తాయి, లేకపోతే లేదు. ఒక సహాధ్యాపకురాలు వేరే చోటికి వెళ్లిపోతే ఆవిడతో పాటు ఒక శాఖే వెళ్లిపోయింది. కొన్ని తప్పనిసరి పాఠాలు రెండేళ్లకోసారే పెడతారు. ఆ ఏడాది జ్వరం వచ్చి తప్పారంటే పట్టా ఏడాది వెనక్కి పోవచ్చు. అందుకని కరదీపిక చూసి మురిసిపోకండి. గడిచిన నాలుగు సెమిస్టర్లలో ఏవేం నడిచాయో కాలపట్టికలు చూపించమనండి. చూపించడానికి తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకో మాట, ఈసారి మామూలు మంగళవారం వెళ్లండి. సెలవు రోజున ఏ విశ్వవిద్యాలయమైనా పాడుబడిన కోటలాగే ఉంటుంది.

గణాంకాలు (ఆదివారం, ఉదయం 9:48)

‘అందరికీ అందరూ తెలుసు’ అన్న మాట ప్రతి చిన్న క్యాంపస్ గురించీ వింటాం. లెక్క వేద్దాం. 900 మందిలో ఇద్దరిద్దరి జతలు 4,04,550. ఇన్ని పరిచయాలు ఎవరి తరమూ కాదు. అదే 30 మంది తరగతిలో జతలు 435. ఇది సాధ్యమే, రెండో సెమిస్టర్‌కల్లా పూర్తవుతుంది కూడా. అంటే మీరు బతికేది తొమ్మిది వందల మందిలో కాదు, ఆ ముప్ఫై మందిలో, ఇంకో యాభై అరవై ముఖాల మధ్యలో.

మనిషి నిలుపుకోగల సంబంధాలు 150 అని రాబిన్ డన్‌బార్ అనే మానవశాస్త్రవేత్త 1992లో వానరాల మెదడు పరిమాణం నుంచి అంచనా కట్టారు. ఎవరో ఒకరు ఆ సంఖ్య తెచ్చేలోపు నేనే చెబుతున్నాను: 2021లో స్వీడన్ పరిశోధకులు అదే దారిలో మళ్లీ లెక్కించి, ఒక కచ్చితమైన సంఖ్య తేల్చడం కుదరదన్నారు. కాబట్టి 150ని పంచాంగంలా పట్టుకోకండి.

అన్నట్టు, 900 మరీ అంత చిన్నది కూడా కాదు. కాలిఫోర్నియాలో ఒక ఎడారి లోయలో డీప్ స్ప్రింగ్స్ అనే కళాశాల ఉంది. 1917లో ఎల్.ఎల్. నన్ స్థాపించారు. రెండేళ్ల చదువు, మొత్తం విద్యార్థులు ముప్ఫై లోపు. చదువుతో పాటు పశువులను చూసుకోవడం, గడ్డి పండించడం, వంట, అన్నీ వాళ్లవే. కొత్త విద్యార్థులను, అధ్యాపకులను ఎంచుకోవడంలో కూడా వాళ్ల మాట చెల్లుతుంది. 2018 దాకా అబ్బాయిలనే చేర్చుకునేవారు. అక్కడ మెస్‌లో మాటలు ఆగిపోతే ఎలా ఉంటుందో నిజం_చేదు గారు ఊహించుకోవాలి.

నిజం_చేదు (ఆదివారం, ఉదయం 10:05)

ఊహించుకున్నాను. గడ్డి కోస్తూ కూడా ఎదురుపడాలి. వద్దు.

ముప్ఫైవేలలో_ఒకడు (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

నేను అవతలి ఒడ్డు వాడిని, పేరులోనే ఉంది.

మొదటి ఏడాది నన్ను గుర్తించింది గ్రంథాలయం గేటు దగ్గర కార్డు చదివే యంత్రం ఒక్కటే. పది రోజులు జ్వరంతో పడి ఉండి తరగతికి వెళితే పక్క కుర్చీలో కూర్చునే అతను ‘కొత్తగా చేరావా?’ అని అడిగాడు. మూడు వందల మంది పట్టే హాలు అది. అతని తప్పేమీ లేదు.

అయినా నన్ను మళ్లీ ఎంచుకోమంటే పెద్దదే ఎంచుకుంటాను. నాకు చిన్నప్పటి నుంచి పాత లిపులంటే పిచ్చి. ఇంట్లో, బడిలో ఆ మాట ఎత్తితే నవ్వేవారు. ముప్ఫై వేల మందిలో అదే పిచ్చి ఉన్నవాళ్లు పన్నెండు మంది దొరికారు. ప్రతి గురువారం ఒక ఖాళీ గదిలో చేరి రాళ్ల మీది అక్షరాల ఫొటోలు ముందేసుకుని గంటలు గడిపేవాళ్లం. తొమ్మిది వందల మందిలో అలాంటి వాళ్లు ఎందరు ఉంటారు? లెక్క ప్రకారం అర మనిషి కూడా ఉండడు.

ఉద్యోగాల సంగతి కూడా చెప్పాలి. మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక పరిశీలన ప్రచురించారు. పరిచయాల ద్వారా ఉద్యోగం తెలుసుకున్న వాళ్లను, ఆ చెప్పిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచుగా అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6, ఎప్పుడో గానీ కలిసేవాళ్లం కాదన్నవాళ్లు 27.8. కారణం తేలికే: దగ్గరి వాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు దూరపు వాళ్ల దగ్గరి నుంచే వస్తుంది. చిన్న క్యాంపస్‌లో అందరూ దగ్గరి వాళ్లే. అదే దాని లోటు.

మూడో_అంతస్తు (ఆదివారం, మధ్యాహ్నం 2:11)

లిపుల మాట ఒప్పుకుంటాను. మా దగ్గర అలాంటి గది ఉండేది కాదు. నా ఆసక్తులు కొన్ని నాలుగేళ్లూ నాలోనే ఉండిపోయాయి.

ఉద్యోగాల మాట మాత్రం సగమే ఒప్పుకుంటాను. నాకు సిఫారసు లేఖ రాసినావిడ నా ప్రాజెక్టు మూడుసార్లు ఎందుకు చెడిందో, నాలుగోసారి నేనేం మార్చానో రాశారు. మూడు వందల మంది హాలులో అలాంటి లేఖ రాసేదెవరు?

దీపాల_పని (ఆదివారం, సాయంత్రం 5:55)

నేను భౌతికశాస్త్రం విద్యార్థిని. నాటకం ముఖం కూడా ఎరగను. మొదటి ఏడాది ఒక సాయంత్రం హాలు పక్క నుంచి వెళ్తుంటే ఒక సీనియర్ అక్క నిచ్చెన మీద నుంచి ‘తమ్ముడూ, ఒక్క క్షణం ఈ తీగ పట్టుకో’ అంది. పట్టుకున్నాను. ఆ క్షణం మూడేళ్లు సాగింది. ఆమె పట్టా పుచ్చుకుని వెళ్లేటప్పుడు దీపాల బాధ్యత నాకు అప్పగించింది. ఎందుకంటే వేరే ఎవరూ లేరు!

నాకు తెలిసి చిన్న క్యాంపస్‌కు ఇదొక్కటే నిర్వచనం. ఎవరూ లేరు, కాబట్టి నువ్వే.

ఇందులో హాస్యం కూడా ఉంది. మా క్రీడా జట్టులో నేను ఉన్నానంటేనే ఆ జట్టు ఎలాంటిదో అర్థం చేసుకోండి. ఓడిపోయినప్పుడల్లా మాకు ధైర్యం చెప్పింది కాల్‌టెక్. పట్టభద్ర కోర్సుల్లో సుమారు వెయ్యి మందే చదివే గొప్ప అమెరికన్ విజ్ఞాన సంస్థ అది. వాళ్ల పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు తమ లీగులో వరుసగా 310 ఆటలు ఓడిపోయింది. 1985 తర్వాత లీగులో మళ్లీ గెలుపు చూసింది 2011 ఫిబ్రవరిలో, అదీ ఒక్క పాయింటు తేడాతో, 46-45. మేము ఓడింది పంతొమ్మిదే.

పాఠాల_పంతులు (ఆదివారం, రాత్రి 8:40)

దీపాల_పని గారు తీగ పట్టుకున్న ఆ క్షణం మీద ఏకంగా ఒక సిద్ధాంతమే ఉంది. రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1964లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలోని ఉన్నత పాఠశాలల మీద జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. 35 మంది ఉన్న బడి నుంచి రెండు వేలు దాటిన బడి దాకా చూశారు. పెద్ద బడిలో కార్యక్రమాలు ఎక్కువే, కానీ విద్యార్థుల సంఖ్య పెరిగినంతగా అవి పెరగవు. అందువల్ల చిన్న బడిలో ఒక్కో విద్యార్థి మీద ఎక్కువ పనులు పడతాయి, బాధ్యత గల స్థానాలూ ఎక్కువ మందికి దక్కుతాయి. పెద్ద బడిలో చాలామంది చూసేవాళ్లుగా మిగిలిపోతారు. అది బడుల అధ్యయనమే, విశ్వవిద్యాలయాలది కాదు. కానీ నేను పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నది దానికి భిన్నంగా లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎక్కువ పనులు పడతాయంటే, కాదనడం కష్టమని కూడా అర్థం. మా దగ్గర నాలుగు సంఘాలు నడిపేది అదే ఏడుగురు. మూడో ఏడాదికి వాళ్ల కళ్ల కింద నల్లటి చారలు వస్తాయి. ఆ ఏడుగురు వెళ్లిపోతే సంఘాలూ వెళ్లిపోతాయి. ఫొటోగ్రఫీ సంఘం గది మా అంతస్తులోనే ఉంది. తలుపుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో రెండేళ్లుగా ఎవరికీ తెలియదు. చివరి కార్యదర్శి జేబులో పెట్టుకుని వెళ్లిపోయి ఉంటాడని మా అనుమానం.

త్వరగా కలవలేనని రాశారు కదా కొత్త_అడుగు గారూ, మీకు పనికొచ్చేది ఇంకొకటి. ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయంలో, విద్యార్థి కుటుంబాల నివాసాల్లో ఎవరు ఎవరికి స్నేహితులయ్యారో చూసి 1950లో ప్రచురించారు. ఒకే అంతస్తులో పక్క తలుపు వాళ్లను సన్నిహితులుగా చెప్పినవి 41 శాతం. రెండు తలుపుల అవతల అయితే 22. అంతస్తుకు ఆ చివర, ఈ చివర అయితే 10. మెట్ల దగ్గర ఉన్నవాళ్లకు పై అంతస్తులోనూ ఎక్కువ మంది స్నేహితులు. స్వభావం కాదు, తలుపు ఎక్కడుందన్నదే పెద్ద సంగతి. గది ఎంచుకునే వీలుంటే మెట్ల పక్కది అడగండి. చప్పుడు ఎక్కువ, నిద్ర తక్కువ. కానీ మీరు పలకరించకపోయినా వాళ్లే పలకరిస్తారు.

అమ్మ_కోణం (సోమవారం, ఉదయం 7:15)

ఇవన్నీ బాగున్నాయి. నా ప్రశ్న తల్లిది. పిల్లవాడికి మనసు బాగాలేకపోతే అక్కడ ఎవరితో చెప్పుకుంటాడు? అందరూ తెలిసినవాళ్లే అయినచోట రహస్యం నిలుస్తుందా?

పాఠాల_పంతులు (సోమవారం, ఉదయం 7:52)

మంచి ప్రశ్న అడిగారమ్మా. చిన్న చోట సలహాదారు వారానికి రెండు రోజులే రావచ్చు. గది పరిపాలనా భవనంలో అందరూ తిరిగే వరండాలో ఉంటే పిల్లలు ఆ మెట్లు ఎక్కరు. కొన్నిచోట్ల సలహాదారే పాఠం కూడా చెబుతారు, మార్కులూ వేస్తారు. అది అసలే పనికిరాదు. బయటి నిపుణులతో ఫోనులో మాట్లాడే ఏర్పాటు ఉందా, ఆ గది ఎక్కడుంది, ఈ రెండూ కనుక్కోండి.

మరో పక్క, పిల్లవాడు మూడు రోజులు మెస్‌కు రాకపోతే చిన్న చోట ఎవరో ఒకరికి తెలుస్తుంది. ఆ తెలిసినవాళ్లు వెళ్లి తలుపు తడతారా, చాటున చెప్పుకుంటారా అన్నదే తేడా. అది ముందుగా తెలుసుకునే ఉపాయం నాకు తట్టలేదు.

నిర్వాహకుడు (సోమవారం, మధ్యాహ్నం 12:00)

ఒక సభ్యుడు ఒక విశ్వవిద్యాలయం పేరు, ఇద్దరు అధ్యాపకుల పేర్లు పెట్టి ఆరోపణలు రాశారు. ఆ టపా తీసేశాను. అనుభవాలు రాయండి, పేర్లు వద్దు. ఇంత చిన్న చోట్ల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఊరు చెప్పినా మనిషిని చెప్పినట్టే.

ముప్ఫైవేలలో_ఒకడు (సోమవారం, సాయంత్రం 6:30)

నిర్వాహకుడి చివరి వాక్యమే ఈ చర్చకు నా వైపు వాదన. పెద్ద చోట మనిషి మారవచ్చు. మొదటి ఏడాది నేను తాగుబోతు కవిలా జుట్టు పెంచి తిరిగాను, చెడ్డ కవితలు చదివాను. రెండో ఏడాది జుట్టు కత్తిరించుకుని వేరే భవనంలో పాఠాలకు వెళ్లాను. ఆ కవి ఎవరో అక్కడ ఒక్కరికీ తెలియదు. నిజం_చేదు గారికి ఆ అవకాశం దొరకలేదు.

నిజం_చేదు (సోమవారం, రాత్రి 9:20)

దొరకలేదు. నిజమే.

కానీ న్యాయంగా ఇంకొకటి చెప్పాలి. నాతో మాటలు ఆపేసిన ఆ స్నేహితుడు ఉన్నాడు కదా. నాలుగో ఏడాది నా ప్రాజెక్టు సమర్పణకు ముందురోజు రాత్రి నా కంప్యూటర్ పాడైంది. హాస్టల్‌లో ఎవరికి చెప్పానో గుర్తులేదు. అర్ధరాత్రి తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. అతను. చేతిలో తన కంప్యూటర్. ‘పొద్దున ఏడింటికి నాకు కావాలి’ అని ఇచ్చి వెళ్లిపోయాడు. అంతే, ఇంకో మాట లేదు. మేము మళ్లీ స్నేహితులం కూడా కాలేదు. అతనికి ఎలా తెలిసిందంటే, అక్కడ అందరికీ అన్నీ తెలుస్తాయి కాబట్టి.

దీన్ని ఏ ఖాతాలో రాసుకోవాలో ఇప్పటికీ తెలియదు.

కొత్త_అడుగు (బుధవారం, రాత్రి 10:10)

అందరికీ ధన్యవాదాలు. పంతులు గారు చెప్పినట్టు నిన్న, మంగళవారం, ఒక్కడినే వెళ్లి వచ్చాను.

కాలపట్టికలు అడిగాను. కార్యాలయంలో ఆవిడ నా వైపు ఒకసారి వింతగా చూసి, మూడు సెమిస్టర్లవి తీసి చూపించారు. నాలుగోది దొరకలేదట. ఐచ్ఛికాలు ఏడు, ఆరు, ఏడు. సలహాదారు గది గ్రంథాలయం వెనక ఉంది, దారి మీద కనిపించదు. అభిప్రాయ పత్రాల గురించి ఒక సీనియర్‌ను అడిగితే నవ్వేసి ఊరుకున్నాడు.

నోటీసు బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాను. చదరంగం సంఘం వాళ్ల ప్రకటన మీద తేదీ రెండేళ్ల నాటిది. పక్కన ఖగోళ సంఘం గది. తలుపుకు తాళం, దాని మీద అంటించిన కాగితం: ‘తాళంచెవి 14వ గదిలో అడగండి.’ ఆ సంఖ్య మీద అంతకుముందు కొట్టేసిన సంఖ్యలు మూడున్నాయి.

కుక్క అదే మెట్టు మీద ఉంది. చుట్టూ మనుషులు దాన్ని దాటుకుంటూ వెళ్తున్నారు.

ఇంకా తేల్చుకోలేదు.

దీపాల_పని (బుధవారం, రాత్రి 10:31)

కొట్టేసిన సంఖ్యలు మూడున్నాయా? అయితే ఆ సంఘం బతికే ఉంది. కొట్టేయని పాత సంఖ్య ఒక్కటే ఉంటే భయపడాలి.

కొత్త_అడుగు (నాలుగు నెలల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:45)

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు నిర్వాహకుడు మన్నించాలి. చిన్నదాంట్లోనే చేరాను.

మొదటి నెల మూడో_అంతస్తు గారు చెప్పిన శనివారాలు అచ్చంగా అలాగే గడిచాయి. రెండుసార్లు ఇంటికి ఫోను చేసి వచ్చేస్తానన్నాను. నాన్న ‘సరే, వచ్చెయ్’ అన్నారు. అలా అనడంతో వెళ్లలేకపోయాను. మెట్ల పక్క గది అడిగాను, ఇచ్చారు. అందరూ వద్దనుకుని వదిలేసిన గది అట అది. రాత్రి పదకొండు దాకా చెప్పుల చప్పుడే. ఇప్పుడు చప్పుడు వింటే ఎవరు ఎక్కుతున్నారో చెప్పగలను.

పాఠాలు బాగున్నాయి. ఒకటి మాత్రం సెమిస్టర్ మధ్యలో అధ్యాపకుడు వెళ్లిపోవడంతో ఆగింది. వేరే విభాగం నుంచి ఒకరు వచ్చి పూర్తి చేస్తున్నారు. ఆయనకూ మాకూ ఆ విషయం కొత్తే. కలిసి నేర్చుకుంటున్నాం. ఇది ఫిర్యాదో కాదో నాకే తెలియడం లేదు. ముప్ఫైవేలలో_ఒకడు గారు చెప్పిన గురువారం గది లాంటిది మాత్రం ఇక్కడ లేదు. అది అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

ఖగోళ సంఘంలో మేము నలుగురం. దూరదర్శిని ఒకటే, దానికీ ఒక కాలు కొంచెం పొట్టి. కింద మడిచిన కాగితం పెడతాం. 14వ గదిలో ఉండే అన్నకు చివరి సంవత్సరం, చదువు ఒత్తిడి పెరిగిందన్నాడు. నిన్న తలుపు మీది కాగితంలో 14 కొట్టేసి పక్కన 31 అని రాశాడు.

31 నా గది.

నిజం_చేదు (ఆదివారం, సాయంత్రం 5:02)

శుభం. అభిప్రాయ పత్రాలు ఇచ్చారా?

కొత్త_అడుగు (ఆదివారం, సాయంత్రం 5:09)

ఇచ్చారండీ. కంప్యూటర్‌లో నింపాం, చేతిరాత బెడద లేదు. కాకపోతే ఆ తరగతిలో మేము ఆరుగురమే. పాఠం మధ్యలో ప్రశ్నలు అడగనివ్వరని ఒకరు రాశారట. సోమవారం ఆయన వచ్చి, ‘ఎవరైనా ప్రశ్నలు అడగాలనుకుంటున్నారా?’ అని ఆగారు. ఐదుగురు తలలు దించుకున్నారు. నేను చెయ్యెత్తాను.

రాసింది నేను కాదు.

నిజం_చేదు (ఆదివారం, సాయంత్రం 5:11)

ఇప్పుడు నువ్వే అని అందరూ అనుకుంటారు.

కొత్త_అడుగు (ఆదివారం, సాయంత్రం 5:14)

అప్పుడే అనుకున్నారు.